టెక్‌ సందేహాలు: ల్యాప్‌టాపా, ట్యాబా, రెండూ కలిసినదా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌ కొని చాలా ఏళ్లయింది. పని బాగానే చేస్తుంది కానీ, ఛార్జర్‌తో కలిపి మూడు కిలోల దాకా తూగుతుంది. రోజూ మోయలేకపోతున్నాను. పాఠాలు చెప్పడం, పరిశోధన వ్యాసాలు చదివి అంచుల్లో గుర్తులు రాసుకోవడం, నెలకు ఒకటి రెండు పెద్ద నివేదికలు తయారుచేయడం నా పని. తేలికపాటి ల్యాప్‌టాప్‌, ట్యాబ్‌, టూ-ఇన్‌-వన్‌ ఈ మూడింటిలో నాకు ఏది సరిపోతుంది?

జవాబు: ఇలాంటి ప్రశ్న పంపేవారు సాధారణంగా తాము చూసిన మోడళ్ల పేర్లన్నీ రాస్తారు, తమ పని ఏమిటో మాత్రం రాయరు. మీరు పని గురించి రాయడం వల్ల చాలా సందేహం ముందే తీరిపోయింది. అయినా ఒక వారం పాటు గమనించి చూడండి: తెర ముందున్న సమయంలో మీ చేతులు కీబోర్డు మీద ఎంతసేపు ఉంటున్నాయి, పెన్నుతో ఎంతసేపు రాస్తున్నారు, ఏదీ ముట్టుకోకుండా ఊరికే చదువుతున్నది ఎంతసేపు? పరికరాన్ని నిర్ణయించవలసింది ఈ పాళ్లే తప్ప ప్రాసెసర్‌ పేరు కాదు.

ముందు బరువు సంగతి చూద్దాం. ట్యాబ్‌ల ప్రకటనల్లో కనిపించేది కీబోర్డు లేని బరువు. 2024లో వచ్చిన 13 అంగుళాల ఐప్యాడ్‌ ప్రో 579 గ్రాములే. కానీ దానికి ఆపిల్‌ వారి మ్యాజిక్‌ కీబోర్డు తగిలిస్తే, మొత్తం బరువు అదే సంస్థ 13 అంగుళాల మ్యాక్‌బుక్‌ ఎయిర్‌ బరువుకు, అంటే 1.24 కిలోలకు ఇంచుమించు సమానమవుతుంది. 13 అంగుళాల సర్ఫేస్‌ ప్రో 11 కూడా ఒంటరిగా 895 గ్రాములు తూగుతుంది, కీబోర్డు కవరుతో 1.2 కిలోలు దాటుతుంది. 2008లో మొదటి మ్యాక్‌బుక్‌ ఎయిర్‌ 1.36 కిలోల బరువుతో వచ్చినప్పుడు అదొక వింత. ఇప్పుడు అంతకంటే తేలికైన ల్యాప్‌టాప్‌లు ప్రతి ప్రముఖ సంస్థ దగ్గరా ఉన్నాయి. కాబట్టి ల్యాప్‌టాప్‌ బరువన్న ఒక్క కారణంతో ట్యాబ్‌ వైపు, హైబ్రిడ్‌ (మీరన్న టూ-ఇన్‌-వన్‌) వైపు వెళ్లవలసిన అవసరం ఇప్పుడు లేదు. టైపింగే మీ ప్రధాన వృత్తి అయివుంటే ఈ జవాబును ఇక్కడే ముగించి, తేలికపాటి ల్యాప్‌టాప్‌ కొనుక్కోమని చెప్పేవాడిని.

మీ పనిలో చదవడం, చేత్తో రాసుకోవడం ఎక్కువ కనుక హైబ్రిడ్‌ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇవి రెండు జాతులు. ఒకటి 2012లో లెనోవో యోగాతో ప్రచారంలోకి వచ్చిన రకం: మడతబందు 360 డిగ్రీలు తిరుగుతుంది, తెరను వెనక్కి మడిచి ట్యాబ్‌లా వాడుకోవచ్చు. రెండోది అదే ఏడాది మైక్రోసాఫ్ట్‌ సర్ఫేస్‌తో బాగా తెలిసివచ్చిన రకం: తెరే అసలు కంప్యూటరు, కీబోర్డు ఊడదీసే కవరు, వెనకాల నిలబెట్టే స్టాండు.

మడతపెట్టే రకం మంచి ల్యాప్‌టాపే కానీ మంచి ట్యాబ్‌ కాదు. వెనక్కి మడిచినా బరువు తగ్గదు కదా, 1.3 కిలోల వస్తువును ఒక చేత్తో పట్టుకుని పది నిమిషాలు చదివితే మణికట్టు ఫిర్యాదు చేస్తుంది. పైగా వేళ్ల కింద కీబోర్డు మీటలు తగులుతుంటాయి; మడిచినప్పుడు అవి పనిచేయవని తెలిసినా, ఏదో నొక్కేస్తున్నామేమోనన్న శంక వదలదు. బల్ల మీద పరుచుకుని పెన్నుతో రాయడానికి మాత్రం ఇది హాయిగా ఉంటుంది. ఊడదీసే రకం చేతిలో నిజమైన ట్యాబ్‌లాగే ఉంటుంది, ఇబ్బందంతా ఒడిలో పెట్టుకుని టైపు చేసేటప్పుడే. స్టాండు వెనక్కి చాచుకోవడానికి మోకాళ్ల దాకా చోటు కావాలి, పలుచని కీబోర్డు కింద గట్టి ఆధారం ఉండదు. కొనేముందు దుకాణంలో బల్ల మీద కాకుండా కుర్చీలో కూర్చుని, ఒడిలో పెట్టుకుని నాలుగు వాక్యాలు టైపు చేసి చూడండి. దుకాణంవారు వింతగా చూస్తారు, పట్టించుకోవద్దు.

హైబ్రిడ్‌ అమ్మేవారు చెప్పని విషయం ఇంకొకటుంది. అది రెండు పనులూ చేస్తుంది, కానీ రెండూ ఒకేసారి చేయదు. నివేదిక రాసేటప్పుడు మీకు కావలసింది ఎదుట రాత, పక్కన వ్యాసం, చేతిలో పెన్ను. 13 అంగుళాల తెరను రెండు ముక్కలు చేస్తే రాతా ఇరుకే, వ్యాసమూ ఇరుకే. అదే ఒక కంప్యూటరు, దాని పక్కన ఒక ట్యాబ్‌ ఉంటే, పుస్తకం తెరిచిపెట్టుకుని కాగితం మీద రాసుకునే పాత అలవాటుకు అది చాలా దగ్గరగా ఉంటుంది. నేను కొన్నేళ్లు హైబ్రిడ్‌ వాడాను. దాని కీబోర్డును నెలల తరబడి ఊడదీయలేదని ఒకనాడు గమనించాక, మళ్లీ అలాంటిది కొనలేదు.

అందుకే నా సలహా మీరడిగిన మూడింటికీ కొంచెం పక్కగా ఉంటుంది. మీ ఫిర్యాదంతా బరువు మీదే తప్ప ల్యాప్‌టాప్‌ పనితీరు మీద కాదు. దాన్ని ఇంట్లో బల్ల మీదే ఉంచేసి నివేదికలకు వాడుకోండి. వెంట తీసుకెళ్లడానికి పెన్ను పనిచేసే ట్యాబ్‌ ఒకటి, కీబోర్డు లేకుండా, కొనండి. తెర ఆకారం చూసి ఎంచుకోండి: ఏ4 కాగితం పొడవు వెడల్పుకు 1.41 రెట్లు కనుక, 4:3 లేదా 3:2 తెర మీద పేజీ చక్కగా అమరుతుంది. సినిమాల కోసం సాగదీసిన 16:9 తెరను నిలువుగా పట్టుకుంటే పైనా కిందా చోటు వృథా. 13 అంగుళాల 4:3 తెర వెడల్పు 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, అంటే 21 సెంటీమీటర్ల ఏ4 పేజీ దాదాపు అసలు పరిమాణంలోనే కనిపిస్తుంది. 11 అంగుళాల తెర మీద అది ముప్పావు వంతుకు తగ్గుతుంది. రెండు వరుసల్లో సన్నని అక్షరాలతో అచ్చయిన వ్యాసాలు చదివే కళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

ఒక్క షరతు. మీ ల్యాప్‌టాప్‌లో విండోస్‌ 10 ఉంటే దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్‌ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరు ఉండాలి. అవి లేకపోతే ఆ యంత్రాన్ని నమ్ముకోకండి. అప్పుడు ఊడదీసే రకం హైబ్రిడ్‌ కొని, రాసేటప్పుడు యూఎస్‌బీ-సీ తీగతో ఒక పెద్ద మానిటరుకు కలుపుకోవడం మీకు తగిన మార్గం.

ప్రశ్న: మంచి ట్యాబ్‌కు కీబోర్డు, మౌస్‌ కలిపితే అది ల్యాప్‌టాప్‌ అవుతుంది కదా? ఆఫీసు పనంతా ఎక్సెల్‌లోనే. ఇక ల్యాప్‌టాప్‌ మానేయవచ్చా?

జవాబు: ఎక్సెల్‌ అని ఒక్క మాటలో తేల్చేశారు, చిక్కంతా అక్కడే ఉంది. మీ ఫైళ్లలో మాక్రోలు, అంటే బటన్‌ నొక్కగానే వరుసగా పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, ఉన్నాయా? వీబీఏ అనే మైక్రోసాఫ్ట్‌ ప్రోగ్రామింగ్‌ భాషలో రాసిన మాక్రోలు ఐప్యాడ్‌ ఎక్సెల్‌లోనూ, ఆండ్రాయిడ్‌ ఎక్సెల్‌లోనూ, బ్రౌజరులో తెరుచుకునే ఎక్సెల్‌లోనూ నడవవు. ఫైలు తెరుచుకుంటుంది, అంకెలన్నీ కనిపిస్తాయి, బటన్‌ నొక్కితే మాత్రం ఏమీ జరగదు. ఆఫీసులో ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన మాక్రో మీద నెలాఖరు లెక్కలు ఆధారపడి ఉంటే ట్యాబ్‌ ఆలోచన మానుకోండి.

ఇది ట్యాబ్‌ శక్తికి సంబంధించిన విషయం కాదు. 2020 చివర్లో మ్యాక్‌బుక్‌ ఎయిర్‌లో వచ్చిన ఎం1 చిప్పునే 2021లో ఐప్యాడ్‌ ప్రోలో పెట్టారు. మెదడు ఒకటే అయినా, ఆపిల్‌ సొంత ప్రోగ్రామింగ్‌ సాధనమైన ఎక్స్‌కోడ్‌ మ్యాక్‌లో నడుస్తుంది, ఐప్యాడ్‌లో నడవదు. తేడా ఆపరేటింగ్‌ సిస్టమ్‌లో ఉంది. ఆ తేడా నెమ్మదిగా తగ్గుతున్న మాట నిజమే: ఐప్యాడ్‌లో మౌస్‌, ట్రాక్‌ప్యాడ్‌లకు పూర్తి స్థాయి వీలు 2020లో వచ్చింది, 2025లో విడుదలైన ఐప్యాడ్‌ఓఎస్‌ 26తో కంప్యూటరులో మాదిరి విండోలను ఇష్టమైన పరిమాణంలో పరుచుకునే వీలూ వచ్చింది. శామ్‌సంగ్‌ ట్యాబ్‌లలో డెక్స్‌ కూడా ఇటువంటిదే. అయినా వీటన్నింటితో మారేది తెర రూపమే. ఆ వ్యవస్థ కోసం తయారుచేయని ప్రోగ్రాము వాటితో వచ్చి కూర్చోదు. ఒక వారం పాటు ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టి, ఫోన్‌లోని యాప్‌లతోనే ఆఫీసు పని నడుపుకోవడానికి ప్రయత్నించండి. చిన్న తెర వల్ల వచ్చిన చిరాకును లెక్కలోంచి తీసేయండి. అప్పటికీ ఏ పని ఆగిపోయిందో, అది ట్యాబ్‌లోనూ ఆగిపోతుంది.

ప్రశ్న: స్నాప్‌డ్రాగన్‌ చిప్పు ఉన్న విండోస్‌ టూ-ఇన్‌-వన్‌ చూశాను. బ్యాటరీ చాలాసేపు వస్తుందంటున్నారు. పాత సాఫ్ట్‌వేర్‌ అందులో నడవదని ఒక స్నేహితుడు భయపెడుతున్నాడు. నిజమేనా?

జవాబు: మీ స్నేహితుడికి బహుశా 2012 నాటి సంగతి గుర్తుండి ఉంటుంది. స్నాప్‌డ్రాగన్‌ది ఏఆర్‌ఎం అనే చిప్పుల జాతి, ఇంటెల్‌, ఏఎండీ చిప్పుల భాష దానికి అర్థం కాదు. ఆ ఏడాది వచ్చిన మొదటి సర్ఫేస్‌లోనూ ఏఆర్‌ఎం చిప్పే ఉండేది. దానిలోని విండోస్‌ ఆర్‌టీలో మామూలు విండోస్‌ ప్రోగ్రాములు వేసుకోవడానికి వీలుండేది కాదు. చూడటానికి విండోసే, తీరా వాడితే కాదు. ఇప్పటి విండోస్‌ 11 అలాంటిది కాదు. ఇంటెల్‌, ఏఎండీ చిప్పుల కోసం రాసిన ప్రోగ్రాములను అప్పటికప్పుడు ఏఆర్‌ఎం భాషలోకి మార్చి నడుపుతుంది. 2024లో వచ్చిన 24హెచ్‌2 వెర్షన్‌ నుంచి ప్రిజమ్‌ అనే కొత్త ఎమ్యులేటరుతో ఆ పని మరింత చురుగ్గా సాగుతోంది. బ్రౌజర్లు, ఆఫీసు ప్రోగ్రాముల వంటివి ఏఆర్‌ఎం కోసమే తయారై వస్తున్నాయి కనుక వాటికి ఈ మార్పిడి కూడా అక్కర్లేదు.

అయితే డ్రైవర్లను, అంటే ప్రింటరు లాంటి పరికరాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములను, ఎమ్యులేటరు నడపలేదు. అవి ఏఆర్‌ఎం కోసం ప్రత్యేకంగా రాసినవే కావాలి. అందుచేత పాత స్కానరు, ప్రత్యేక డ్రైవరు అడిగే ప్రింటరు, ఆఫీసువారు ఇచ్చిన వీపీఎన్‌, లైసెన్సు కోసం యూఎస్‌బీలో గుచ్చే తాళం లాంటి డాంగిల్‌, మోసాలను పట్టే డ్రైవరు ఉన్న కొన్ని ఆన్‌లైన్‌ ఆటలు మొండికేయవచ్చు. మీ దగ్గర ఉన్న ఇలాంటి వాటి పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదానికీ ఏఆర్‌ఎం64 డ్రైవరు ఉందేమో తయారీదారు వెబ్‌సైట్‌లో చూడండి. అన్నీ దొరికితే నిశ్చింతగా కొనండి, బ్యాటరీ విషయంలో వాళ్లు చెప్పింది అబద్ధం కాదు.

ప్రశ్న: తేలిక ల్యాప్‌టాప్‌కు 8 జీబీ ర్యామ్‌ చాలదా? తర్వాత పెంచుకోవచ్చు కదా?

జవాబు: పెంచుకోలేకపోవచ్చు. పలుచని ల్యాప్‌టాప్‌లలో, హైబ్రిడ్‌లలో ర్యామ్‌ను చాలావరకు మదర్‌బోర్డుకే అతికిస్తున్నారు. కొన్న రోజున ఎంత ఉందో పారేసే రోజునా అంతే ఉంటుంది. విండోస్‌ 11కు 4 జీబీ కనీస అర్హత మాత్రమే, సుఖంగా పని జరగడానికి అది చాలదు. 16 జీబీ తీసుకోండి. డబ్బు సరిపోకపోతే స్టోరేజీని తగ్గించుకోండి, దానికి బయటి డ్రైవ్‌తోనైనా తోడు దొరుకుతుంది.

ప్రశ్న: ఇంట్లో ఒక ట్యాబ్‌కు కొన్న పెన్ను ఉంది. కొత్తగా కొనబోయే హైబ్రిడ్‌కు అది పనికొస్తుందా?

జవాబు: రెండూ ఒకే పద్ధతివైతేనే. ఆపిల్‌ పెన్సిల్‌ ఐప్యాడ్‌లకే పరిమితం, అందులోనూ ప్రతి పెన్సిలూ ప్రతి ఐప్యాడ్‌కూ పనిచేయదు. శామ్‌సంగ్‌ ఎస్‌ పెన్‌ వాకామ్‌ వారి విద్యుదయస్కాంత పద్ధతిలో నడుస్తుంది, రాయడానికి దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. సర్ఫేస్‌లది మైక్రోసాఫ్ట్‌ పెన్‌ ప్రొటోకాల్‌, క్రోమ్‌బుక్‌లలో చాలావాటిది యూఎస్‌ఐ. మొన ఎంత సన్నగా కనిపించినా ఒక పద్ధతి పెన్ను మరో పద్ధతి తెర మీద గీత గీయదు. రబ్బరు మొన ఉన్న చవక పెన్నులు అన్నిటి మీదా పనిచేస్తాయి కానీ, తెర దృష్టిలో అవి ఇంకొక వేలు మాత్రమే. నొక్కినకొద్దీ గీత లావు కాదు, అరచెయ్యి ఆనిస్తే అది కూడా రాసేస్తుంది. హైబ్రిడ్‌ ధర చూసేటప్పుడు పెన్ను, కీబోర్డు పెట్టెలోనే వస్తాయా, విడిగా కొనాలా అన్నది అడిగి, ఆ రెండింటి ధరా కలిపాకే ల్యాప్‌టాప్‌ ధరతో పోల్చండి.