కన్సల్టెన్సీలో రిక్రూటర్ ఉద్యోగం: చేరమంటారా?

ప్రశ్న: మేడమ్, బీకాం అయిపోయింది. మాదాపూర్‌లో కంపెనీలకు ఉద్యోగుల్ని వెతికిపెట్టే ఒక కన్సల్టెన్సీ వాళ్లు రిక్రూటర్‌గా రమ్మంటున్నారు. జీతం పదహారు వేలు, పైన ఇన్సెంటివ్స్. నాన్న మాత్రం అది కాల్ సెంటర్ లాంటిదే, వద్దంటున్నారు. మీరు ఈ పని చేశారని విన్నాను. లోపల ఎలా ఉంటుంది?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆరేళ్లు చేశాను కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. నాన్నగారి మాటలో సగం నిజం ఉంది, రోజంతా ఫోనే. పొద్దున్నే కంపెనీ నుంచి రిక్వైర్‌మెంట్ వస్తుంది, జావా కావాలి, ఐదేళ్ల అనుభవం, నెలలోపు చేరాలి అని. ఇక నౌకరీ వెబ్‌సైట్‌లో వెతకడం, ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం, ఇప్పటి జీతం ఎంత, నోటీస్ పీరియడ్ (మానేస్తానని చెప్పాక ఇంకా పనిచేయాల్సిన రోజులు) ఎంత, ఎందుకు మారాలనుకుంటున్నారు అని అడగడం. సాయంత్రానికి నాలుగు మంచి ప్రొఫైల్స్ పంపగలిగితే ఆ రోజు బాగా గడిచినట్టే.

మన ఫీజు ఇచ్చేది కంపెనీ. మామూలుగా మనిషి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. చేరిన మనిషి 90 రోజుల్లోపు మానేస్తే ఇంకొకరిని వెతికిపెట్టాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. అందుకే టెన్షన్ ఆఫర్‌తో అయిపోదు. ఒక అబ్బాయికి మూడు నెలల నోటీస్ పీరియడ్, వారం వారం ఫోన్ చేసి కనుక్కుంటూనే ఉన్నాను, తీరా చేరాల్సిన రోజు ఫోన్ స్విచాఫ్. ఇంకోచోట ఎక్కువ వస్తే వెళ్లిపోయాడు. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే అతని తప్పేం లేదనిపిస్తుంది, ఇంటి బాధ్యతలు ఉన్నవాళ్లు ఎక్కువ ఇచ్చేచోటికే వెళ్తారు.

నన్ను నిజంగా బాధపెట్టింది వేరే. గుంటూరు నుంచి రాత్రి బస్సెక్కి ఇంటర్వ్యూకి వచ్చాడు ఒకాయన, నలభై దాటినవాడు. ఆ పోస్టు ముందురోజే వేరేవాళ్లకి ఖాయమైంది, మాకు తెలుసు, చెప్పలేదు. సాయంత్రం దాకా రిసెప్షన్‌లో కూర్చున్నాడు. అప్పటినుంచి సెలెక్ట్ కానివాళ్లకి కూడా నేనే ఫోన్ చేసి చెప్పేదాన్ని. టైం వేస్ట్ అని మేనేజర్ కోప్పడేవారు. రెండు నిమిషాల పని అది, కానీ అవతల మనిషి వారం రోజులుగా ఆ ఫోన్ కోసమే చూస్తుంటాడు! చేరితే మీరు ఈ ఒక్క పని మానొద్దు.

చేరేముందు కొన్ని అడగాలి. ఇక్కడి కంపెనీలకి మనుషుల్ని వెతికే డొమెస్టిక్ ప్రాసెస్సా, అమెరికా కంపెనీలకి వెతికే యూఎస్సా? యూఎస్ అయితే రాత్రి షిఫ్ట్, సాయంత్రం ఆరున్నరకి మొదలై తెల్లవారుజామున మూడున్నర దాకా, నవంబర్‌లో అక్కడి గడియారాలు వెనక్కి తిప్పాక ఇక్కడ ఇంకో గంట ఆలస్యం. క్యాబ్ ఇస్తారా అన్నది తప్పకుండా కనుక్కోండి.

అభ్యర్థుల దగ్గర రిజిస్ట్రేషన్ అనో, ట్రైనింగ్ అనో డబ్బు తీసుకునే ఆఫీసైతే అటు వెళ్లనే వద్దు. (గల్ఫ్‌కి పంపే ఏజెన్సీల సంగతి వేరు, వాళ్లకి విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు.) అలాగే అభ్యర్థుల రెజ్యూమెల్లో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించమంటే ఆ రోజే బయటికి వచ్చేయండి. ఇప్పుడు కంపెనీలు యూఏఎన్ నంబర్‌తో (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్ అది) పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తున్నాయి, ఎక్కడ ఎన్నాళ్లు చేశారో అక్కడే బయటపడుతుంది, చేరిన మూడో నెలలో తీసేస్తే ఆ పిల్లల బతుకు ఏం కావాలి?

ఇవన్నీ సరిగ్గా ఉంటే చేరండి, నాన్నగారికి నేను చెప్పానని చెప్పండి. ఇన్సెంటివ్ మాత్రం మనిషి చేరగానే ఇస్తారా, 90 రోజులయ్యాకా అన్నది ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.