పాటల గురించి రాస్తే ఇల్లు గడుస్తుందా? ఖమ్మం నుంచి ఒక అమ్మ ప్రశ్న

ప్రశ్న: మేడమ్, మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మొన్నటిదాకా బీటెక్ అంది, ఇప్పుడు మ్యూజిక్ జర్నలిస్ట్ అవుతానంటోంది. బెన్ ఫాంగ్ టారెస్ అని అమెరికాలో పాటల గురించి రాసే ఒక పెద్దాయన, ఆయన మీద నెట్‌ఫ్లిక్స్‌లో డాక్యుమెంటరీ చూసిందట, అప్పట్నుంచి ఇదే పాట. వాళ్ళ నాన్న దాంతో మాట్లాడటమే మానేశారు. అసలు ఇలాంటి ఉద్యోగం ఉంటుందా?

జవాబు: అమ్మా, ముందు మీవారిని పాపతో మాట్లాడమనండి, మిగతాది తర్వాత చూద్దాం. ఇంట్లో మాట ఆగిపోతే పిల్లలు పంతానికి పోతారు, అప్పుడు అది వాళ్ళకి నిజంగా కావాలో వద్దో వాళ్ళకే తెలీకుండా పోతుంది. ఏటా ఈ సీజన్‌లో ఇలాంటి ఇళ్ళు చూస్తూనే ఉంటాను.

ఇక ఆ పెద్దాయన గురించి. మీ పాప డాక్యుమెంటరీలో ఆయన పెద్ద పెద్ద సింగర్స్ పక్కన కూర్చోవడం చూసి ముచ్చట పడి ఉంటుంది, అది సహజం. కానీ ఆయన అక్కడిదాకా ఎలా వచ్చారన్నది మీరూ మీవారూ కూడా తెలుసుకుంటే మీ భయం సగం తగ్గుతుంది, పాప తొందర కూడా సగం తగ్గుతుంది. ఆయన 1945లో కాలిఫోర్నియాలో పుట్టారు. వాళ్ళది చైనా నుంచి వెళ్ళిన కుటుంబం. వాళ్ళ నాన్న వచ్చే రోజుల్లో అమెరికాలో చైనా వాళ్ళని రానివ్వకుండా 1882 నుంచి ఒక చట్టం ఉండేది, ఫిలిప్పీన్స్ మాత్రం అమెరికా చేతికింద ఉండేది కాబట్టి ఆ దేశం వాళ్ళకి దారి ఉండేది, అందుకని వాళ్ళ నాన్న టారెస్ అనే ఫిలిప్పీన్స్ ఇంటిపేరుతో కాగితాలు సంపాదించి దేశంలోకి వచ్చారు. అసలు ఇంటిపేరు ఫాంగ్, కాగితాల్లో పేరు టారెస్, రెండూ కలిసి పిల్లలకి వచ్చాయి. ఓక్లాండ్ చైనాటౌన్‌లో చిన్న హోటల్, పిల్లలు స్కూల్ అయ్యాక అక్కడే పని, అక్కడే హోంవర్క్, బియ్యం బస్తాలు పెట్టే గదిలో. అమ్మానాన్నలకి ఇంగ్లీష్ అంతంతమాత్రం, కొడుక్కి కాంటనీస్ అంతంతమాత్రం. అంటే కొడుకు ఏం రాస్తున్నాడో ఆ తల్లిదండ్రులు చదవలేని పరిస్థితి. మీ ఇంటి కష్టం దాంతో పోలిస్తే చిన్నదేనమ్మా, మీరు కనీసం పాప రాసింది చదవగలరు.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన పాటలంటే పిచ్చితో తిన్నగా ఆయనకి పేరు తెచ్చిన రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రికలోకి వెళ్ళిపోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో చదువుతూ కాలేజీ పేపర్‌కి ఎడిటర్‌గా చేశారు, 1966లో డిగ్రీ అయ్యాక టెలిఫోన్ కంపెనీలో చేరి వాళ్ళ ఉద్యోగుల పత్రిక చూసుకునేవారు. టెలిఫోన్ కంపెనీ ఉద్యోగుల పత్రికలో ఏముంటుంది, ఫలానా ఆయన రిటైరయ్యారు, ఫలానా బ్రాంచిలో ఇది జరిగింది, అలాంటివే. కానీ అక్కడే పేర్లు తప్పు పోకుండా రాయడం, ఇచ్చిన టైంకి ఇవ్వడం, ఇవన్నీ అలవాటయ్యాయి. రోలింగ్ స్టోన్ 1967 నవంబర్‌లో మొదలైంది, ఈయన 1968లో బయటినుంచి రాస్తూ మొదలుపెట్టి 1969లో ఫుల్ టైంకి వెళ్ళారు. అంటే జీతం వచ్చే పని చేతిలో పెట్టుకుని పక్కన ఇష్టమైన పని చేసి, అది నిలబడ్డాక మారారు. మీవారికి ఈ ముక్క ఒక్కటీ చదివి వినిపించండి.

మారాక కూడా ఒక్కదాని మీదే కూర్చోలేదు. శని ఆదివారాలు కేఎస్ఏఎన్ అనే ఎఫ్ఎం స్టేషన్‌లో డీజే. 1977లో పత్రిక హెడ్డాఫీసు న్యూయార్క్‌కి వెళ్ళిపోతే ఈయన సొంత ఊరు వదల్లేదు, 1981లో పత్రికే వదిలేశారు, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో రేడియో మీద కాలమ్, పుస్తకాలు, చైనీస్ న్యూ ఇయర్ పరేడ్‌కి టీవీలో కామెంటరీ. మధ్యలో 1972లో అన్నయ్యని ఎవరో కాల్చి చంపేశారు, చైనాటౌన్ కుర్రాళ్ళకి కౌన్సెలింగ్ చేసే మనిషి ఆయన, ఆ కేసు తేలనేలేదు. ఆ బాధ లోపల పెట్టుకుని పని చేసిన మనిషి ఈయన. గ్లామర్ ఒక్కటే చూస్తే ఇవేవీ కనపడవు.

ఆయన్ని గొప్పవాణ్ణి చేసింది ప్రశ్న అడిగే పద్ధతి అని నా అభిప్రాయం. రే చార్ల్స్‌తో ఇంటర్వ్యూ 1973లో వచ్చింది, దానికి మరుసటేడు సంగీతం మీద రాసేవాళ్ళకిచ్చే డీమ్స్ టేలర్ అవార్డ్ వచ్చింది. రే చార్ల్స్ అంటే అప్పటికే ఎంతో పేరున్న గాయకుడు, చూపు లేదు, హెరాయిన్ అలవాటయ్యి కేసు దాకా వెళ్ళి బయటపడిన మనిషి. అలాంటి మనిషి దగ్గర ఆ విషయం ఎత్తాలంటే ముందు ఆయన పాటలూ జీవితమూ అన్నీ చదువుకుని వెళ్ళాలి, లేకపోతే రెండు నిమిషాల్లో లేచి వెళ్ళిపోతారు.

ఇదే మన దగ్గర ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. రెండేళ్ళ కింద నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి వాళ్ళ ఊళ్ళో డప్పు కొట్టే పెద్దాయన దగ్గరికి ఫోన్ రికార్డర్ పట్టుకుని వెళ్ళాడు. మీకు స్ఫూర్తి ఎవరండీ అని అడిగాడట, ఆయన మా నాయన అని ఊరుకున్నాడు. ఇంకో నాలుగు ప్రశ్నలు అలాంటివే, అన్నిటికీ ఒక్క ముక్కలో జవాబులు. మళ్ళీ వెళ్ళమన్నాను. ఈసారి డప్పు మంట దగ్గర ఎందుకు కాస్తారు, వానాకాలంలో ఒక రాత్రిలో ఎన్నిసార్లు కాయాల్సి వస్తుంది, ఎక్కువ కాస్తే ఏమవుతుంది అని అడిగాడు. ఆ పెద్దాయన ముప్పావు గంట మాట్లాడాడు, తోలు చెమ్మ పట్టి మోత చచ్చిపోతే పెళ్ళివాళ్ళు ఏమంటారో, తడిసిన కట్టెలు మండకపోతే వరిగడ్డి ఎలా వెతుక్కుంటారో అన్నీ. ఆ రికార్డింగ్ విని రాయడానికి వాడికి ఒక రోజంతా పట్టింది. వాడు ఇప్పుడు ఒక పేపర్‌లో ఫీచర్స్ డెస్క్‌లో ఉన్నాడు, జీతం బీటెక్ వాళ్ళంత లేదు, అది దాచను. మొదటి ఏడాది ఒక వెబ్‌సైట్ వాళ్ళు ఆరు ఆర్టికల్స్ రాయించుకుని పైసా ఇవ్వలేదు కూడా. అందుకే ముందే రేటు మాట్లాడుకోమని, మెయిల్‌లో రాయించుకోమని పిల్లలకి పదే పదే చెప్తుంటాను.

ఉద్యోగాలు ఎక్కడంటే, మ్యూజిక్ జర్నలిస్ట్ అనే బోర్డుతో మన తెలుగులో పోస్టులు దాదాపు లేవమ్మా, ఉన్నమాట చెప్పాలి. పేపర్ల ఫీచర్స్ విభాగం, ఎఫ్ఎం, పాటల యాప్స్‌లో ప్లేలిస్టులు ఎంచే పని, ఆడియో కంపెనీల్లో కంటెంట్, పాడ్‌కాస్టులు, ఇలా రకరకాల చోట్ల ఈ పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కాబట్టి పాప ముందు జర్నలిస్ట్ అవ్వాలి, మ్యూజిక్ దాని స్పెషాలిటీ అవ్వాలి. డిగ్రీ బీఏలో మాస్ కమ్యూనికేషన్ ఉన్న కాలేజీలు హైదరాబాద్‌లో ఉన్నాయి, దోస్త్ అనే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో పెట్టుకోవచ్చు. తర్వాత ఉస్మానియా గానీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గానీ ఢిల్లీలో జర్నలిజం నేర్పే ఐఐఎంసీ గానీ, ఈనాడు జర్నలిజం స్కూల్ అయితే ట్రైనింగ్‌లో స్టైపెండ్ కూడా ఇస్తారు. సంగీతం కూడా కొంచెం నేర్చుకోవాలి, కచేరీ చెయ్యక్కర్లేదు గానీ రాగం మారితే చెవికి తెలియాలి. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు గ్రామఫోన్ రికార్డులు వేలకి వేలు పోగు చేసి, విని, దశాబ్దాలుగా పాటల గురించి రాశారు. పాప ఆయన రాసినవి వెతికి చదవాలి, తెలుగు పాట గురించి ఎంత వివరంగా రాయొచ్చో అర్థమవుతుంది.

ఇంజనీరింగ్ ఎంట్రన్స్ మాత్రం రాయనివ్వండి, ఫీజు కట్టేసి ఉంటారుగా, దారి మూసుకోవడం ఎందుకు. రిజల్ట్ వచ్చేలోపు ఖాళీ ఉంటుంది కదా, ఆ టైంలో మీ దగ్గర్లో పాటతోనో వాయిద్యంతోనో బతికే ఒక మనిషిని వెతకమనండి, బ్యాండ్ మేళం వాళ్ళైనా సరే, గుళ్ళో సన్నాయి ఆయనైనా సరే. గంటసేపు మాట్లాడి, రికార్డ్ చేసి, మొత్తం అక్షరం వదలకుండా రాసి, అందులోంచి రెండు పేజీల వ్యాసం చేసి ఆయనకే చదివి వినిపించాలి. అది చేశాక కూడా ఇంకొకటి చేస్తానంటే నాకు ఆ రెండు పేజీలూ పంపమనండి, నేను చదివి మీవారితో నేనే ఫోన్‌లో మాట్లాడతాను.