వృషణం పక్కన గడ్డ... క్యాన్సరేనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పెళ్లయి ఏడాదైంది. నెల క్రితం స్నానం చేస్తుంటే ఎడమ వృషణం కింద శనగ గింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. స్కానింగ్‌లో ‘వృషణానికి బయట, ఎపిడిడిమిస్ చివర 9 మి.మీ. గట్టి గడ్డ’ అని రాశారు. తెలిసినాయన సూది పరీక్ష చేయించుకోమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వృషణం తీసేస్తారా? పిల్లలు పుడతారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ రిపోర్టులో ‘వృషణానికి బయట’ అన్న మాట ఇంకోసారి చదవండి, మీకు ధైర్యం ఇచ్చేది అదే. వృషణం లోపల గట్టి గడ్డ ఉంటే, కాదని తేలేదాకా క్యాన్సర్‌గానే అనుమానిస్తాం. అదే వెనకవైపు అంటుకుని ఉండే ఎపిడిడిమిస్‌లో (వీర్యకణాలు పక్వానికొచ్చే సన్నటి గొట్టం అది) వచ్చేవి చాలావరకు హాని చేయని గడ్డలే. నీటి బుడగైతే చీకటి గదిలో టార్చి ఆనిస్తే వెలుగు అవతలికి కనిపిస్తుంది. మీది గట్టిది కాబట్టి కనిపించదు. మీరు చెప్పిన చోట, ఈ వయసులో, నొప్పి లేకుండా గుండ్రంగా ఉండే గట్టి గడ్డ అంటే ముందు గుర్తొచ్చేది అడినోమటాయిడ్ ట్యూమర్ (క్యాన్సర్ కాని గడ్డ). నెమ్మదిగా పెరుగుతుంది, వేరేచోటికి పాకదు. అయితే మన దగ్గర టీబీ వల్ల కూడా అక్కడ గట్టి గడ్డ రావచ్చు, కాబట్టి సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం లాంటివి ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి.

సూది పరీక్షకు మాత్రం దయచేసి తొందరపడకండి. వృషణం నుంచి లింఫు (క్యాన్సర్ కణాలు పాకడానికి దారయ్యే పల్చటి ద్రవం) కడుపు వెనక ఉన్న గ్రంథులకు వెళ్తుంది, వృషణాల సంచి చర్మం నుంచేమో గజ్జల్లోకి వెళ్తుంది. ఒకవేళ అది క్యాన్సరే అయి, సంచిలోంచి సూది గుచ్చితే ఆ కణాలకు మనమే కొత్త దారి తెరిచినట్టవుతుంది. ఆపరేషన్ కూడా అందుకే గజ్జల దగ్గర కోసి చేస్తారు. అనుమానం మిగిలితే ముక్క తీసి అక్కడికక్కడే ఫ్రోజెన్ సెక్షన్ పరీక్ష (ముక్కను గడ్డకట్టించి వెంటనే మైక్రోస్కోపులో చూడటం) చేస్తారు, హాని లేనిదని తేలితే గడ్డ ఒక్కటే తీసి వృషణాన్ని అలాగే ఉంచేస్తారు. దానికి ముందు వృషణ క్యాన్సర్ జాడ కోసం చేసే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్త పరీక్షలు చేయించాలి. అవి నార్మల్ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదని తేల్చలేం, స్కానింగ్‌తో కలిపి చూడాలి. అన్నీ బాగుంటే ఆపరేషన్ లేకుండా, కొన్ని నెలలకోసారి స్కానింగ్ చేస్తూ గమనించడమూ ఒక పద్ధతే.

పిల్లల సంగతి: ఎపిడిడిమిస్ మీద ఆపరేషన్ చేస్తే ఆ వైపు గొట్టం మూసుకుపోవచ్చు, రెండోవైపు బాగుంటే సాధారణంగా అది చాలు. అయినా పిల్లలు కావాలనుకుంటున్నామని ముందే చెప్పి వీర్య పరీక్ష చేయించుకోండి, అవసరమైతే వీర్యం భద్రపరచుకోవచ్చు. ఈ వారంలోనే యూరాలజిస్టును కలవండి, రిపోర్టుతో పాటు స్కానింగ్ ఫిల్ములు కూడా తీసుకెళ్లండి.