‘బటన్’ అంటే ఏ బటన్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెబ్‌సైట్లు, యాప్‌ల గురించే. ఈ శీర్షిక కొత్తగా చదువుతున్నవారికి నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నాకు 24వ ఏట చూపు పూర్తిగా పోయింది. 12 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. వైకల్యం ఉన్నవాళ్లు కూడా సైట్లు, యాప్‌లు వాడుకోగలుగుతున్నారా లేదా అని పరీక్షించడమే నా ఉద్యోగం.

*ప్రశ్న: మా బాబాయికి మంగళగిరిలో చేనేత చీరల కొట్టుంది. వెబ్‌సైట్ నేనే చేసిపెట్టాను. పోయిన నెల ఒకావిడ ఫోన్ చేసి, తనకు చూపు లేదని, మా సైట్‌లో చీర కొనలేకపోతున్నానని చెప్పారు. సైట్‌లో అతికించే చిన్న ప్రోగ్రామ్, విడ్జెట్ అంటారు, అది పెడితే సైటంతా సరైపోతుందని మా ఫ్రెండ్ అంటున్నాడు. నెలనెలా డబ్బు కట్టాలట. పెట్టించమంటారా? లింక్ పంపుతున్నాను.*
— బి.టెక్. విద్యార్థి, మంగళగిరి

వద్దు తమ్ముడూ, ఆ డబ్బు దాచుకో.

మొన్న ఆదివారం నీ సైట్‌లో చీర కొందామని కూర్చున్నాను. నేను వాడే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఎన్‌వీడీఏ. చూపు లేని ఆస్ట్రేలియా కుర్రాడొకడు 2006లో మొదలుపెట్టాడు, తర్వాత చూపు లేని ఇంకో కుర్రాడు తోడయ్యాడు, ఉచితంగా దొరుకుతుంది. అది నాకు చదివి వినిపించింది ఇదీ: “లింక్, గ్రాఫిక్, ఐఎంజీ అండర్‌స్కోర్ 20240812. బటన్. బటన్. లింక్, గ్రాఫిక్, ఐఎంజీ అండర్‌స్కోర్ 20240813. బటన్. బటన్.” నలభై చీరలకీ ఇదే వరస, వినిపించేవి ఫొటో ఫైళ్ల పేర్లే. మా అబ్బాయిని పిలిచి అడిగితే, ఆ రెండు బటన్లలో ఒకటి గుండె బొమ్మ, ఒకటి సంచి బొమ్మ అన్నాడు. చూసేవాళ్లకు బొమ్మ చాలు. నాకు మాత్రం కోడ్‌లో ఆ బటన్‌కు ఒక పేరు రాసి ఉండాలి. ‘aria-label’ అని ఉంటుంది, నీకు తెలిసే ఉంటుంది. అందులో ‘కార్ట్‌లో వేయండి’ అని రాయి. బటన్‌కు ఒక్క లైను పని.

ఇక చీరల ఫొటోలు. ప్రతి ఫొటోకూ ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫొటోలో ఏముందో చెప్పే మాటలు, కోడ్‌లో రాయాలి. అది నువ్వు రాయకు, మీ బాబాయిని అడుగు. ఊళ్లో లేని పాత ఖాతాదారు ఫోన్ చేస్తే ఆయన చీరను ఎలా చెబుతారో విను. “పసుపుపచ్చ కాటన్ చీరమ్మా, మెరూన్ రంగు నిజాం బోర్డర్, పల్లూలో జరీ గీతలు, జాకెట్ ముక్క ఉంది” అంటారు కదా, అదే నాకు కావలసిన ఆల్ట్ టెక్స్ట్. ‘అందమైన చీర’ అని రాస్తే నాకేమీ తెలియదు. పుట్టుకతో చూపు లేనివాళ్లకు రంగుతో పనేమిటని చాలామంది నన్నే అడిగారు. పెళ్లికి ఏది కట్టుకెళ్లాలి, ఏ జాకెట్ నప్పుతుంది అన్నవి వాళ్లకూ అక్కరే. నాకైతే రంగులన్నీ ఇంకా గుర్తున్నాయి. చిలకపచ్చ అని వింటే చాలు, మా అమ్మ చీరే గుర్తొస్తుంది.

ఇంకొకటి. నీ పేజీ కోడ్‌లో భాష ‘ఈఎన్’ (en), అంటే ఇంగ్లిష్ అని పెట్టి ఉంది. తెలుగులో రాసిన భాగాలకు ‘టీఈ’ (te) అని పెట్టు. లేకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగు వాక్యాన్ని చదవకుండా దాటేస్తుంది. చీర ఎలా ఉతకాలో నువ్వు రాసిందంతా నాకు అలాగే వినపడకుండా పోయింది. ధర లేత బూడిద రంగులో ఉందని మా అబ్బాయి చెప్పాడు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగులో తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఎండలో నిలబడి ఫోన్ చూస్తే నీ ధర కనపడదు.

విడ్జెట్ ఏం చేస్తుందంటే, అక్షరాలు పెద్దవి చేస్తుంది, రంగులు మారుస్తుంది. ఆ పనులు మా ఫోన్లు, కంప్యూటర్లు ఎప్పటినుంచో చేస్తున్నాయి. నీ చీర అంచు ఏ రంగో, నీ బటన్ ఎందుకో దానికేం తెలుసు? తన విడ్జెట్ పెడితే ఏ సైటైనా ప్రమాణాలకు తగ్గట్టు అయిపోతుందని ప్రచారం చేసుకున్న ఒక కంపెనీని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టమంది.

మౌస్ తీసి పక్కన పెట్టు. ట్యాబ్, ఎంటర్ లాంటి మీటలతోనే చీర ఎంచుకుని, అడ్రస్ ఇచ్చి, డబ్బు కట్టేదాకా వెళ్లి చూడు. నాకు రంగు ఎంచుకునే చోట ఆగిపోయింది. చేతులు వణికేవాళ్లు, మౌస్ పట్టుకోలేనివాళ్లు కూడా అక్కడే ఆగిపోతారు. అన్నీ సరిచేశాక ఆ ఫోన్ చేసినావిడకే మళ్లీ ఫోన్ చేసి, ఇప్పుడు కొని చూడమని అడుగు. ఆవిడ వెచ్చించిన సమయానికి ఫీజు ఇవ్వు. చీర మీద తగ్గింపు ఇచ్చి సరిపెట్టకు, పరీక్షించడం కూడా పనే.

*ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. పాత కాలిన గాయం వల్ల నా కనురెప్పలు సరిగా వాలవు. బ్యాంకు యాప్‌లో కేవైసీ చేయబోతే ‘కళ్లు ఆర్పండి’ అని అడిగి, మూడుసార్లూ ఫెయిల్ అంది. బ్రాంచికి వెళ్తే ‘సిస్టమ్ తీసుకోవట్లేదు’ అన్నారు. ఏం చేయాలి?*
— ఒక పాఠకుడు, కరీంనగర్

మాస్టారూ, ‘సిస్టమ్ తీసుకోవట్లేదు’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సిస్టమ్‌ను ఎవరో మనుషులే కూర్చుని రాశారు, వాళ్లే మార్చగలరు.

మీ ఇబ్బంది మీదే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. యాసిడ్ దాడుల్లో ముఖం, కళ్లు దెబ్బతిన్నవారు, చూపు లేని ఒకాయన వేసిన పిటిషన్ల మీద 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ 20 ఆదేశాలు ఇచ్చారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమన్నారు. ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషేనని తేల్చుకోవడానికి కళ్లు ఆర్పడం ఒక్కటే కాక వేరే పద్ధతులూ ఉండాలన్నారు. కాగితాల మీద చేసే కేవైసీని కూడా కొనసాగించాలన్నారు.

మీరు బ్రాంచి మేనేజర్‌కు లెటర్ రాయండి. తీర్పు తేదీ వేసి, కాగితాల కేవైసీ చేయమని అడగండి. కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవడం మాత్రం మరిచిపోవద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఖర్చేమీ లేదు.

*ప్రశ్న: మా కాలేజీ సైట్‌లో నోటీసులు పీడీఎఫ్‌గా పెడతాం. చూపు లేని విద్యార్థి ఒకడు ‘అర్థం లేని అక్షరాలు చదువుతోంది సార్’ అన్నాడు. మాకు బాగానే కనిపిస్తోంది.*
— జూనియర్ అసిస్టెంట్, శ్రీకాకుళం

మీరు అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేస్తున్నట్టున్నారు. వాటిలో తెలుగు అక్షరం పైకి కనిపించే రూపం మాత్రమే, లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఆ పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ మీకు కనిపించేదే ఆ పిల్లవాడికి వినిపించేది. ఇకనుంచి ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో టైప్ చేయండి, పీడీఎఫ్‌తో పాటు అదే విషయాన్ని పేజీ మీద మామూలు అక్షరాల్లో కూడా పెట్టండి. స్కాన్ చేసిన కాగితమైతే ఇంకా కష్టం, అది ఉత్త ఫొటో. నాకు చూపు పోయిన కొత్తలో ఒక ఉద్యోగ ప్రకటన అలా స్కాన్ చేసి పెట్టారు. చదివిపెట్టే మనిషి దొరికేసరికి గడువు దాటి రెండు రోజులైంది. ఆ ఉద్యోగానికి నాకు అన్ని అర్హతలూ ఉన్నాయి. మీ విద్యార్థికి ఫీజు గడువు అలా దాటిపోకుండా చూడండి.

*ప్రశ్న: నాన్నకు చూపు బాగా తగ్గింది. ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేశాను. అప్పటినుంచి ఏది తాకినా ఓపెన్ కావట్లేదు, నాన్న టెన్షన్ పడి ఫోన్ పక్కన పడేశారు.*
— గృహిణి, ఖమ్మం

ఫోన్ పాడవలేదమ్మా, వాడే తీరు మారింది. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు ఒకసారి తాకితే పేరు చెబుతుంది. వెంటనే రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. పైకీ కిందికీ జరపాలంటే రెండు వేళ్లు వాడాలి. వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ ఆగేలా సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ పెట్టండి. కంగారు వచ్చినప్పుడు ఆయనే ఆపుకుంటారు. గొంతు తెలుగులో పెట్టి, వేగం బాగా తగ్గించండి. మొదటి వారం యాప్‌లు, వాట్సాప్ ఏవీ వద్దు. మీరు పక్క గదిలో ఉండి, మీ నంబరుకే రోజూ ఫోన్ చేయించండి.