సాక్‌లు 5 పడ్డాయని అఫెన్సివ్ లైన్‌కి డి ఇవ్వకండి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక కాలేజీ జట్టుకు గ్రేడ్లు వేస్తూ, 96 రషింగ్ యార్డులు (బంతితో పరుగెత్తి సంపాదించిన దూరం), 5 సాక్‌లు (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసిరేలోపే పడగొట్టడం) చూసి అఫెన్సివ్ లైన్‌కి, అంటే ముందు నిలబడి ప్రత్యర్థుల్ని అడ్డుకునే ఐదుగురికి, డి గ్రేడు ఇచ్చానన్నారు, అది సరేనా అని అడిగారు. తొందరపడ్డారు.

కాలేజీ ఫుట్‌బాల్‌లో సాక్ నష్టాన్ని రషింగ్ లెక్కలోంచే తీసేస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు, జట్టు పాసింగ్ (బంతి విసిరి సంపాదించిన) యార్డుల్లోంచి తీస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్ చూసే అలవాటున్నవాళ్లు తడబడేది ఇక్కడే. మీరిచ్చిన అంకెల్లో 32 రష్‌లకు 96, అంటే సగటు 3. సాక్‌లు 5, వాటి నష్టం 38 యార్డులు పక్కన పెడితే 27 రష్‌లకు 134, సగటు దాదాపు 5. అది మంచి బ్లాకింగే!

ఇక ఆ 5 సాక్‌ల వీడియో మళ్లీ చూడండి, స్నాప్ (ఆట మొదలుపెడుతూ బంతి వెనక్కి అందించడం) నుంచి సెకన్లు లెక్కపెడుతూ. రెండున్నర సెకన్లలోపే ఒకరితో ఒకరు తలపడి ఓడితే తప్పు ఆ లైన్‌మన్‌ది. మూడున్నర దాటాక పడితే చాలాసార్లు క్వార్టర్‌బ్యాక్ బంతి వదల్లేదని, లేదా రిసీవర్లు (బంతి పట్టేవాళ్లు) డిఫెండర్లను తప్పించుకోలేదని అర్థం. ఎవరూ అడ్డుకోకుండానే డిఫెండర్ దూసుకొస్తే రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు) తను అడ్డుకోవాల్సినవాణ్ని వదిలేశాడా, ప్రొటెక్షన్ కాలే (ఎవరు ఎవర్ని ఆపాలన్న పిలుపు) తప్పిందా చూడాలి. గుంపు మొత్తానికి మార్కు వేసేముందు ఐదుగురికీ విడివిడిగా, స్నాప్‌తో మొదలయ్యే ప్రతి ప్లేకూ ప్లస్ లేదా మైనస్ వేయండి. ఒక్క రైట్ టాకిల్ (లైన్‌లో కుడి చివరివాడు) వల్ల మిగతా నలుగురి గ్రేడు పడిపోవడం అన్యాయం.

రన్నింగ్ బ్యాక్‌లకు సగటు కన్నా సక్సెస్ రేటు నమ్మదగింది: ఫస్ట్ డౌన్‌లో (10 యార్డులకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మొదటిది) కావలసిన యార్డుల్లో 50 శాతం, సెకండ్‌లో 70, థర్డ్, ఫోర్త్‌లలో మొత్తం 100 వస్తేనే ఆ ప్లే నెగ్గినట్టు. ఒక్క 60 యార్డుల పరుగు సగటును ఇట్టే పెంచేస్తుంది. ఫలితం తేలిపోయాక బెంచి ఆటగాళ్లు ఆడినవి లెక్కలోకి తీసుకోకండి. పంటర్‌కైతే (బంతిని దూరంగా తన్నేవాడు) రిటర్న్ (ప్రత్యర్థి దాన్ని పట్టి వెనక్కి పరుగెత్తిన దూరం) పోగా మిగిలిన దూరమే చూడండి.