థర్మోస్టాట్ తీసేయకు, మార్చు

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

కారు ఎంత దూరం తిప్పినా టెంపరేచర్ సూది పైకి లేవడం లేదనీ, మైలేజీ పడిపోయిందనీ రాశావు. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు) తెరుచుకునే ఉండిపోయిందని షెడ్డువాళ్లు చెప్పింది నిజమే. కానీ "మన ఎండలకు అదెందుకు, పీకేద్దాం" అన్నారు చూడు, ఆ మాట మాత్రం వినకు. మేలో రెంటచింతలలో 45 డిగ్రీలున్నా, ఇంజన్‌కు కావలసిన 90కి అది సగమే. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వు తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా బైపాస్ దారిలోనే తిరిగి, ట్రాఫిక్‌లో ఇంకా వేడెక్కుతాయి కూడా. నువ్వే మార్చుకుంటానన్నావు, మార్చుకో. ఆదివారం పొద్దున్న పని అది.

కొత్త వాల్వు కొనేటప్పుడు దానిమీద కొట్టిన నంబరు చూడు. 82 అనో 88 అనో ఉంటుంది. ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుందో చెప్పే అంకె అది. కంపెనీ ఇచ్చినదే వేయి. తక్కువ నంబరు వేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని షాపతను చెప్పినా సరే. గాస్కెట్, అంటే అతుకు దగ్గర కారకుండా మధ్యలో పెట్టే పట్టీ, అది కూడా కొత్తది తెచ్చుకో. బిగించే ముందు ఒకసారి పరీక్షించు: పాత గిన్నెలో (మీ అమ్మ వంటగిన్నె ముట్టుకోకు) నీళ్లు పోసి, వాల్వును దారంతో వేలాడదీసి వేడిచెయ్యి. లోపలున్న మైనం కరిగి ఉబ్బితే పళ్లెం కదులుతుంది. నీళ్లు మరిగేసరికి ఏడెనిమిది మిల్లీమీటర్లు తెరుచుకోవాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. కొత్తవాటిలోనూ చెడ్డవి వస్తాయి.

రాత్రంతా ఆగిన బండి మీదే చెయ్యి వేయి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరుగుతున్న కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మొహం మీదకు చిమ్ముతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యి, కొన్ని బండ్లలో తాళం తీసేసినా ఫ్యాన్ తిరుగుతుంది. కూలెంట్ అంతా దించక్కర్లేదు, వాల్వు ఉన్న చోటికంటే కిందికి దిగితే చాలు. చాలా బండ్లలో రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) ఇంజన్‌ను కలిసేచోట వాల్వు ఉంటుంది. కొన్నిటిలో కింది హోస్ దగ్గర పెడతారు, నీ బండి మాన్యువల్ చూసుకో. హోస్ అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పొడవకు, అటూ ఇటూ మెలితిప్పు, వచ్చేస్తుంది.

పాతది ఎటు తిరిగి ఉందో తియ్యకముందే ఫోన్‌లో ఫోటో తీసుకో. మామూలుగా స్ప్రింగు వైపు ఇంజన్‌లోకి ఉంటుంది. చిన్న రంధ్రంలో కదిలే పిన్ను ఉంటే అది పైకి రావాలి, గాలి బయటికి పోయే దారి అది. పాత గాస్కెట్ ముక్కల్ని ఓపిగ్గా గోకెయ్యి, అల్యూమినియం మీద గీత పడిందంటే లీకే. బోల్టులు చిన్నవి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకు, కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించు. పొడుగు రెంచీతో బలం చూపించావంటే బోల్టు విరిగి లోపలే ఉండిపోతుంది. అప్పుడు అసలు ఖర్చు మొదలవుతుంది.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. లోపల చిక్కుకున్న గాలి తియ్యకపోతే కొత్త వాల్వు వేసినా సూది ఎర్రగీతకు పోతుంది. కూలెంట్ నెమ్మదిగా పొయ్యి, పై హోస్‌ను చేత్తో నొక్కుతూ పొయ్యి. ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ అయితే ఇంకా నీళ్లు కలపకు. చిక్కటిదైతే డబ్బామీద రాసినంత డిస్టిల్డ్ వాటర్ కలుపు. బోరునీళ్లు మాత్రం వద్దు, లోపల సున్నం పేరుకుంటుంది. బ్యాటరీ వైరు మళ్లీ పెట్టి, హీటర్ ఫుల్ వేడిలో ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేసి అలాగే వదిలెయ్యి. ఎక్స్‌లేటర్ తొక్కకు. బుడగలు వస్తుంటే మట్టం దిగుతుంది, మళ్లీ పొయ్యి. నీళ్లు వేడెక్కి పైకి పొంగబోతుంటే మూత పెట్టెయ్యి. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాలి. మర్నాడు పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూస్తే మట్టం కొంచెం తగ్గి ఉంటుంది. కంగారుపడకుండా నింపెయ్యి.

దించిన కూలెంట్‌ను మూతున్న డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చెయ్యి. పళ్లెంలో వదిలేస్తే తియ్యగా ఉందని మీ వీధి కుక్కలు తాగుతాయి, అది విషం.

ఇట్లు,
మీ మామయ్య