2017 పన్ను కోతలను పొడిగించడం వల్ల అమెరికా ఆర్థిక వ్యవస్థ పుంజుకుంటుందా?

2025 చివరికి గడువు తీరిపోవలసిన 2017 నాటి పన్ను కోతలను పొడిగించినందువల్ల ఆర్థిక వ్యవస్థ పుంజుకుంటుందా అని అడిగారు. పుంజుకోదు, ఉన్న చోటు నుంచి జారకుండా నిలబడుతుంది, అంతే. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుని, ఇద్దరు పిల్లలతో ఏటా రిటర్ను దాఖలు చేసే ఉద్యోగిగా ఈ మాట చెబుతున్నాను.

2019 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, కొత్త చట్టం కింద మొదటి రిటర్ను నింపడానికి నేనూ నా భార్యా కూర్చున్నాం. ఇంటి అప్పు వడ్డీ, ఇంటి పన్ను, గుడికిచ్చిన విరాళాల కాగితాలన్నీ ఏడాది పొడవునా ఒక నీలం ఫైలులో దాచి ఉంచాం. వడ్డీ 12,000 డాలర్లు, విరాళాలు 1,500. రాష్ట్ర ఆదాయపు పన్ను, ఇంటి పన్ను కలిపి 16,000 కట్టినా, కొత్త పరిమితి ప్రకారం చూపించుకోదగినది 10,000 మాత్రమే. వెరసి 23,500. ఏ కాగితమూ చూపకుండానే ఆదాయంలోంచి మినహాయించుకోదగిన మొత్తం, అంటే స్టాండర్డ్ డిడక్షన్, చూస్తే 24,000; రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. ఆ ఫైలులో ఒక్క కాగితమూ అక్కరకు రాలేదు. పైగా రిఫండు 3,100 నుంచి 900కు పడిపోయింది. "పన్నులు తగ్గించామన్నారు కదండీ, మరి ఇదేమిటి?" అని మా ఆవిడ నన్నే నిలదీసింది.

రెండేళ్ల రిటర్నులూ పక్కపక్కన పెట్టి చూస్తే, మా పన్ను నిజంగానే సుమారు 1,950 డాలర్లు తగ్గింది. అయితే 2018 మొదట్లోనే జీతంలోంచి ముందే పన్నుగా కోసుకునే మొత్తాన్ని తగ్గించడంతో, ఆ తగ్గుదలా, రిఫండులో కోతపడ్డ 2,200 డాలర్లూ కలిసి రెండు వారాలకోసారి 160 డాలర్ల చొప్పున ముందే ఎక్కువ వస్తూ, మేము గమనించకుండానే పిల్లల డేకేర్ ఫీజులో కలిసిపోయింది. కొత్తగా వచ్చినప్పుడే కంటికి ఆనని ఆ డబ్బు, ఎనిమిదేళ్లుగా అలవాటైపోయాక అలాగే కొనసాగితే, దాన్ని చూసుకుని ఎవరు కొత్తగా ఖర్చు పెడతారు? పొడిగించకపోతే మాత్రం స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు సగానికి పడి, 22 శాతం శ్లాబు 25కు ఎగబాకి, ఒక్కో బిడ్డకు పన్నులోంచి నేరుగా తగ్గించే క్రెడిట్ 2,000 నుంచి 1,000కి దిగి, మావంటి కుటుంబాలు వెంటనే ఖర్చులు తగ్గించుకునేవి. ఆ దెబ్బ తప్పిన మాట వాస్తవమే.

దాని ఖరీదు మాత్రం చిన్నది కాదు. ఈ కోతలను పొడిగిస్తూ 2025 జూలై 4న సంతకమైన చట్టం వల్ల పదేళ్లలో లోటు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. అప్పటికే అప్పు 36 లక్షల కోట్లు దాటింది. దాని మీద కట్టే వడ్డీ 2024లోనే రక్షణ వ్యయాన్ని మించిపోయింది. ప్రభుత్వం ఇంతగా అప్పు చేస్తుంటే ఇళ్ల రుణాల మీద వడ్డీ ఎలా దిగివస్తుంది? పన్నులో మిగిలిన డబ్బును, ఇప్పుడు ఇల్లు కొనే కుర్రవాడు బ్యాంకుకు కట్టుకుంటున్నాడు.

నాకు ఒళ్లు మండేది ఈ గడువుల వ్యవహారం. పదేళ్ల తర్వాత లోటు పెరగకూడదన్న సెనేట్ నిబంధనను దాటడానికి, 2017లో కంపెనీల పన్నును 35 నుంచి 21 శాతానికి శాశ్వతంగా తగ్గించి, గడువును మాత్రం మా నెత్తిన పెట్టారు. ఇప్పుడు మా శ్లాబులు శాశ్వతమయ్యాయి గానీ, రాష్ట్ర, స్థానిక పన్నుల పరిమితిని 40,000కు పెంచి, 2030లో మళ్లీ 10,000కు దించుతారట. అటక మీది నీలం ఫైలును మా ఆవిడ కిందికి దించి, దాని మీద "2029 వరకు" అని రాసిపెట్టింది.